మిషన్ గదిలో అమ్మాయి

పేరు మూడుసార్లు అడిగాను.
తియామికే.
నాలుగోసారి అడగడానికి మొహమాటపడి
"అమ్మాయ్" అన్నాను.
చప్పున వెనక్కి తిరిగి చూసింది,
వెనకాల ఇంకెవరో ఉన్నట్టు.

మలావీ నుంచి వచ్చింది,
లాం ఫారం కాలేజీలో వేరుశెనగ గురించి చదవడానికి.
"వాళ్ళ దేశంలో పండదా?" అంది మా అత్తయ్య.
పండుతుందంట.
"మరి?"
నాకూ తెలీదు.

హాస్టలు బాగుచేతలయ్యేదాకా
రెండు నెలలు ఎవరైనా ఉంచుకుంటారా అని
చర్చిలో అడిగితే
చెయ్యెత్తింది మా ఆయన.
ఖాళీ అయింది నా మిషన్ గది.
మిషన్ మాత్రం కదల్లేదు, ఇనప కాళ్ళది,
గుమ్మంలో పట్టదు.
దాని పక్కనే మడత మంచం వేశాం.

ఆ తలుపు గడియ పైకెత్తి భుజంతో నెట్టాలి.
చెప్పడం మర్చిపోయాను.
తెల్లారుజామున పంపు నీళ్ళొచ్చి
బిందె పెడుతుంటే వినిపించింది,
ఎవరో తలుపు కొడుతున్నారు మెల్లగా
లోపలి నుంచి.
ఎంతసేపటి నుంచి కూర్చుందో మరి.
ఎవరింటి తలుపైనా
బయటి నుంచి కదా కొడతాం.

రెండు రోజులు పత్యం పెట్టినట్టు పెట్టాను:
చప్పటి పప్పు, పెరుగు, అరటిపండు.
కారం డబ్బా గూట్లో వెనక్కి నెట్టేశాను.
గుంటూరోళ్ళం కదా,
మన కారం ఇంకెవరూ తట్టుకోలేరని
మనకో గర్వం.
మూడో రోజు పోపులో ఎండుమిరపకాయలు మాడాయి.
అత్తయ్య దగ్గు, మా బాబి దగ్గు,
పక్కింటి వరాలు కిటికీ మూసిన చప్పుడు.
ఈ పిల్ల మాత్రం ఆ ఘాటు పట్టుకుని
వంటింట్లోకి వచ్చింది.
మూకుట్లోంచి ఓ కాయ తీసి నమిలింది.
చిటికెనవేలి గోరు చూపించింది.
వాళ్ళ మిరపకాయ ఇంతే ఉంటుందట,
దీనికి తాతట.
ఇరవై రెండేళ్ళుగా యార్డులో టిక్కీలు తూచే మా ఆయన
ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

సందులో పిల్లలు జుట్టు ముట్టుకుంటామని వచ్చారు.
వంగింది, ముట్టుకోనిచ్చింది,
తర్వాత తనూ వాళ్ళ పిలకలు లాగి చూసింది.
వరాలు గోడ మీంచి అడిగింది,
"రాత్రిళ్ళు భయమెయ్యట్లా?"
"వేస్తోందేమో, దానికి" అన్నాను.
అన్నాను గానీ
మొదటి రాత్రి గొలుసు తీసి బీరువాలో పెట్టి
తాళంచెవి తలగడ కింద దాచుకున్న సంగతి
వరాలికి చెప్పలేదు.

నాలుగు రోజులు మిషన్ తొక్కలేదు.
సరళగారి జాకెట్లు నాలుగు, గురువారం పెళ్ళి.
ఇంక లాభం లేదని
రాత్రి పదింటికి గుమ్మంలో నిలబడి
"అమ్మాయ్..." అన్నాను.
లేచి కూర్చుంది.
ఫోనులో ఏదో రాసి బాబికి చూపించింది.
వాడు చదివి నవ్వు ఆపుకోలేకపోయాడు.
"అమ్మా, వాళ్ళ భాషలో అమాయి అంటే
అమ్మంట.
వచ్చిన కాడ్నుంచీ నువ్వు తనని
అమ్మా అమ్మా అని పిలుస్తున్నావంట.
పలకొచ్చో కూడదో తెలీలేదంట."

నేనేమీ అనలేదు.
దీపం మిషన్ మీదకి వంచి కూర్చున్నాను.
ఈ టకటకలో ఎలా పడుకుంటుందా అనుకున్నాను.
పడుకుంది.
కొంతసేపటికి చూస్తే
మంచం మీంచి జారిన చెయ్యి
నా తొక్కుడు పలకకి జానెడు దూరంలో ఉంది.
కాలు నెమ్మది చేశాను.

సరళగారి జాకెట్టు ఒక చెయ్యి బిగుతైంది.
విప్పి మళ్ళీ కుట్టాలి.
పొద్దున చూస్తాను,
అమ్మాయి లేచాక.